మా వదిన చెప్పిన ఒక్క మాట

మా వదిన గురవమ్మతో వాదానికి దిగి గెలిచినోణ్ణి నేను చూళ్ళేదు. ఇరవై ఏండ్లు దిగినోణ్ణి నేనే కాబట్టి చెప్తా ఉండాను. నా పేరు దామోదరం. తిరుపతి టేసన్లో గ్యాంగు మనిషిని. అంటే పట్టాల కింద కంకర కొట్టేది, వంగిన కమ్మీ సరిచేసేది, ఎండైనా వానైనా లైను మీద నడిచేది. ఆయమ్మ మా అన్న మునెయ్య పెండ్లాం. కాపరానికొచ్చే పొద్దుకు నాకు ఎనిమిదేండ్లు, తల్లి లేదు. నా ముక్కు తుడిచిందీ, నాకు బువ్వ కలిపిందీ, చింత బరికెతో కొట్టిందీ ఆయమ్మే. మా అన్న గత్తరొచ్చి పోయినాడు. బిడ్డల్లేరు. ఏర్పేడు నించి ఆయమ్మ తమ్ముడు బండి కట్టుకోని వచ్చి "రాక్కా, మనింటికి పోదాం" అంటే, "నేనొస్తే ఈ మూటలకు కాపలా మీ తాత ఉంటాడా?" అని తిట్టి తోలేసింది.

ఆ మూటల సంగతి చెప్పాల. కపిలతీర్థం దోవలో, కొండకు నడిచిపోయే జనం పక్కనే ఆమె ఇల్లు. మట్టి గోడలు, బోదగడ్డి కప్పు, ముందర పొడుగాటి అరుగు. బియ్యమూ చెంబులూ దుప్పట్లూ అన్నీ మోసుకోని కొండెక్కేదానికి అవతాదా? మా వదిన ఇంట్లో పెట్టి పోతారు. చీటీ లేదు, రాత లేదు. ఆయమ్మ కోరేది ఒకటే. మూటకు ముడి నీ చేత్తో నువ్వే వెయ్యాల, దిగొచ్చినాక నీ చేత్తో నువ్వే విప్పాల. ఒక్కో సీమ ముడి ఒక్కో మాదిరి ఉంటాదంట. పలమనేరోళ్ళు రెండు మెలికలేసి కొస లోపలికి దోపుతారంట. అరవోళ్ళ ముడి పండ్లతో లాగితేగానీ రాదంట. ఒకసారి ఒక దొంగనాయాలు ఎవరి మూటో పట్టుకోని నాదే అన్నాడు. "విప్పబ్బా" అనింది. వాడు గోళ్ళు అరిగేదాకా గీకినాడు. "నీది కాదు నాయనా, నీ చెయ్యికే తెలీలేదు, పో" అనింది. వాడు తలకాయ దించుకోని పోయినాడు. దిగొచ్చినోళ్ళు పిడికెడు బియ్యమో రొంత ప్రసాదమో పెట్టి పోతారు. ఆయమ్మ బతుకంతా దాని మీదనే.

యుద్ధం అయిపోయిన మరుసటేడు, నలభై ఆరులో, ఊళ్ళో కొత్త మాట పుట్టింది. టేసన్నించి ఊరి నడుమ మీదుగా అలిపిరి దాకా రైలు వేస్తారంట. నడుమ మూడు చోట్ల ఆగుతాదంట. పొద్దున ఆరింటి నించి రాత్రి దాకా పోతా వస్తా ఉంటాదంట. ఇంగ చూడప్పా, ఊళ్ళో ఇద్దరు కలిస్తే ఇదే మాట. ఆ వాదం జరిగేది యాడనుకున్నారు? మా వదిన అరుగు మీదనే.

జట్కా గోవిందయ్య గుర్రాన్ని నీడకు కట్టేసి వచ్చి కూర్చునేవాడు. "రైలొస్తే నా గుర్రానికి గడ్డి ఎవురు పెడతారు? ఇంజను పెడతాదా?" అనేవాడు. గుడ్డలంగడి సుందరరాజు రైలు పక్షం. "ఒక నీ గుర్రం కోసరం ఊరు ఆగిపోవాల్నా? మదరాసు నించి సరుకు టేసన్లో దిగి, నా అంగడి చేరేసరికి రెండు దినాలు. జనం పెరిగినారు, ఊరు పెరిగింది. ఊరికి రైలు కావాల" అనేవాడు. "బస్సు ఉండాది గదా, కొండ మీదికే పోతా ఉండాది, రోడ్డేసినారు గదా" అని గోవిందయ్య. "ఒక బస్సులో ఎంతమంది పడతారు? అరవోళ్ళ పురటాసి నెల శనివారాల్లో వచ్చే జనాన్ని నీ బస్సు యాడ కూర్చోబెడతాది, నెత్తిన్నా?" అని సుందరరాజు.

నేను సుందరరాజు పక్కనే. నేను కండ్లతో చూసిన సంగతి ఒకటి ఉండాది. ఆ యేడు ఎండల్లో నిండు చూలాలు ఒకతి టేసన్లో దిగి, జట్కాకు ఇచ్చేదానికి లేక నడిచి, రోడ్డు మీదనే పడి కన్నది. బిడ్డ దక్కలేదు. ఆ తల్లిని ఎత్తినోళ్ళలో నేనొకణ్ణి. రైలుంటే ఆ బిడ్డ బతికుండు అని నేను అన్నాను.

మా వదిన చెప్పింది. "రైలు చెడ్డదని నేనన్నానా? ఆ బిడ్డ తల్లిని నేను మరిచిపోయినానా? ఆయమ్మ మూట నా కాడనే ఉండె. రైలు వెయ్యమను. నా ఇంటి మీద యాల వెయ్యాల? వంద గజాల అవతల తుమ్మ చెట్లుండాయి, బీడుండాది. ఆడ రైలు పోతే తుమ్మచెట్టు ఏడుస్తాదా?"

"అట్ల తిప్పితే లైను వంకర పడతాది వదినా. వంకర పడితే బండి నిదానించాల" అన్నాను.

"రైలు నిదానిస్తే తప్పు, నేను లేచిపోతే తప్పు లేదా? నీ చదువు మండ!"

చెప్పినాను గదా, ఆయమ్మతో గెలిచినోడు లేడని.

కానీ నా కడుపులో ఇంకో మాట ఉండె. మా పై మేస్త్రీ దేవరాజులు నన్ను పక్కకు పిలిచి, "దామోదరా, కొత్త లైను పడిందంటే దానికి గ్యాంగు మేస్త్రీవి నువ్వే. నేను రాసిస్తా" అని చెప్పినాడు. పద్నాలుగేండ్లు కంకర కొట్టినోడికి ఆ మాట ఎట్లుంటాదో మీకేం తెలుసు. ఇంటికిపోయి నా పెండ్లాం కుప్పమ్మకు చెప్పినాను. అది నవ్వింది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అనింది. నాకు కోపమొచ్చి ఆ పూట బువ్వ తినలేదు.

ఆడి మాసం దాటినాక సర్వే వాళ్ళు దిగినారు. ఎర్రగుడ్డ కట్టిన కొయ్య గూటాలు వరసగా కొట్టుకుంటా వచ్చినారు. ఒకటి సరిగ్గా మా వదిన గడప ముందర పడింది. మరుసటి దినం నేను పోయేసరికి ఆయమ్మ దానికి మేకను కట్టేసింది. "ఏం వదినా ఇది?" అంటే, "గట్టిగా కొట్టినారబ్బా, బాగా నిలిచింది" అనింది.

ఒక వారానికి దండోరా వేసినారు. లైను మీద జాగా ఉండేవాళ్ళంతా ఫలానా దినం సత్రం కాడికి వచ్చి, సర్వే దొర ముందర ఆక్షేపణ చెప్పుకోవాల. చెప్పినోళ్ళ జాగా సంగతి పైవాళ్ళకు రాస్తారు, వాళ్ళు తేల్చేదాకా ఎవురూ ముట్టుకోరు. చెప్పనోళ్ళు దసరాలోపల ఖాళీ చెయ్యాల. అంతే సంగతి.

సత్రానికి పోయే పొద్దు నేనే మా వదినకు బుద్ధి చెప్పినాను. "వదినా, ఆ దొర అరవాయన, తంజావూరు పక్క. తెలుగు నేర్చి ఆర్నెల్లు. నువ్వు పోయి రామాయణం మొదలు పెడితే ఆయనకు తల తిరుగుతాది. ఆక్షేపణ ఏమని అడుగుతాడు. ఒక్క మాటలో చెప్పేసి రా." మంచికే చెప్పినాను, దేవుడి తోడు. ఆయమ్మ కూడా సరే అనింది.

సత్రం నిండా జనం. తెలుగూ అరవమూ తిప్పి చెప్పేదానికి రావాల్సిన గుమాస్తాకు జ్వరం. "అరవం వచ్చినోడు ఎవుడుండాడు?" అని అడిగితే దేవరాజులు నన్ను ముందరికి తోసినాడు. నేను కాట్పాడి గ్యాంగులో నాలుగేండ్లు చేసినాను, అరవం బాగానే వచ్చు. దొర మంచోడే. కండ్లద్దాలు, చెమట, చేతిలో గుడ్డ. "నాకు తెలియకుంటే మాత్రమే నీవు చెప్పుము" అన్నాడు పుస్తకం తెలుగులో. సరే స్వామీ అని పక్కన నిలబడినాను.

ఒక్కొక్కరే వచ్చి ఏడ్చేవాళ్ళు ఏడ్చినారు, అరిచేవాళ్ళు అరిచినారు. దొర తలపట్టుకున్నాడు. అప్పుడు గురవమ్మ పేరు పిలిచినారు. ఆయమ్మ ఉతికిన చీర కట్టుకోని, నిటారుగా వచ్చి నిలబడింది.

"నీకు ఆక్షేపణ ఏమున్నది?" అన్నాడు దొర.

మా వదిన నా మొహం చూసింది. నేను చెప్పింది గుర్తు పెట్టుకున్నట్టు తలూపింది. ఒక్క మాటలో చెప్పింది.

"ఇల్లే!"

ఇంగేం చెప్పాల? ఆమెకు ఉండేదే ఆ ఇల్లు. పోయేదీ ఆ ఇల్లే. తెలుగు పుట్టుక పుట్టినోడికెవుడికైనా తెలుస్తాది. కానీ అరవంలో ఇల్లే అంటే లేదు అని. దొర మొహం విప్పారింది. పొద్దున్నించి ఒక్కరన్నా గొడవ లేకుండా చెప్పినారని ఆయన సంతోషం. రాసేవాడి పక్క తిరిగి, "ఒణ్ణుమిల్లే. అడుత్త ఆళు" అన్నాడు. ఏమీ లేదు, ఇంకో మనిషిని పిలువు అని. వాడు రాసినాడు. ఆయమ్మ వేలు పట్టి ముద్ర వేయించినాడు.

నాకు తెలిసిపోయింది. అప్పుడే తెలిసిపోయింది. నోరు తెరిచినాను. దేవరాజులు ఎదురుగా స్తంభానికి ఆనుకోని నా పక్కే చూస్తా ఉండాడు. నోరు మూసినాను. అంతే. నన్ను అడగలేదు గదా, తెలియకుంటేనే చెప్పమన్నాడు గదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంకో మనిషి వచ్చి నిలబడినాడు.

బయటికొచ్చినాక మా వదిన సంతోషం చూడాల. "ఏమబ్బా, ఒక్క మాటలో చెప్పినానా లేదా? దొర ఎట్ల తలూపినాడో చూసినావా? అంతమంది గొంతు చించుకున్నారు, నా మాటే చెవికెక్కింది ఆయనకు!" ఆ పొద్దు నాకు సంగటీ వంకాయ పులుసూ చేసి పెట్టింది. ఎదురుగా కూర్చోని ఇంకో ముద్ద పెట్టుకో అనింది. కడుపు బాగలేదని లేచినాను. దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, అదీ నా బతుకు ఆ నెల దినాలు.

పురటాసి వచ్చింది. జనం అరవదేశం నించి ఏరు మాదిరి వస్తా ఉండారు. మా వదిన ఇల్లూ అరుగూ మూటలతో నిండిపోయినాయి. అప్పుడు కాయితం వచ్చింది. నీకు ఆక్షేపణ లేదని నువ్వే వేలిముద్ర వేసినావు కాబట్టి మూడో శనివారం లోపల ఇల్లు ఖాళీ చెయ్యమని. చదివి చెప్పినోడు సుందరరాజు. ఆయన రైలు పక్షమే గానీ, నమ్మలేక రెండుసార్లు చదివి చూసుకున్నాడంట.

మా వదిన చెప్పులు కూడా లేకుండా ఎండలో నేను పనిచేసే చోటికి లైనెంబడి నడిచొచ్చింది. "దామోదరా, నువ్వు పక్కన్నే ఉండావు గదా. నేనేమన్నాను? ఇల్లు వద్దన్నానా నేను? నా నోటితో అట్ల అన్నానా?"

గ్యాంగంతా పని ఆపి చూస్తా ఉండారు.

"గోల్లో నాకు సరిగ్గా వినబడలేదు వదినా" అన్నాను.

ఆయమ్మ నన్ను నమ్మింది. అదే నన్ను చంపింది. "అంతేలే, ఆ సందట్లో నీకేం వినబడతాది. ఆ రాసేవాడు ఏదో మోసం చేసినాడు. నువ్వు బాధపడొద్దు" అని నాకే ధైర్యం చెప్పి, వచ్చిన దోవనే వెనక్కి పోయింది.

ఆ సాయంత్రం కుప్పమ్మకు అంతా చెప్పేసినాను. అది ఏడ్చింది. "నిన్ను పెంచిన చెయ్యి గదయ్యా. పోయి చెప్పు" అనింది. పోతాను పోతాను అంటానే ఉండాను. పొద్దున లేస్తే పనికే పోయినాను. పోయినప్పుడల్లా దేవరాజులు "మేస్త్రీ వచ్చినాడ్రా" అని నవ్వేవాడు. సిగ్గు లేని మనసు, ఆ మాటకు కూడా రొంత సంతోషపడేది. మీకు చెప్పేదానికేం, చెప్పినాను.

మూడో శనివారం వచ్చేసింది. పొద్దున్నే దేవరాజులు ఎనిమిది మందిని గడ్డపారలతో పిలిచినాడు. కప్పు విప్పేది మా గ్యాంగేనంట. "నువ్వూ రా. మీ వదిన నీ మాట వింటాది" అన్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. నేనూ ఒక గడ్డపార తీసుకున్నాను. నడిచినాను.

ఇంటి ముందర జనం గుమిగూడి ఉండారు. దొర గొడుగు కింద నిలబడి ఉండాడు. మా వదిన గడప మీద కూర్చోని ఉండాది. వెనకాల ఇల్లంతా మూటలు, నూట యాభై ఉంటాయేమో. "ఇవి నావి కావు దొరా. ఎవురెవురివో. వాళ్ళు కొండ మీద ఉండారు. దిగొచ్చి ఈడ ఇల్లు లేకుంటే యాడ వెతుక్కుంటారు? నన్ను దొంగ ముండ అనరా?" అంటా ఉండాది. దొరకు సగం తెలిసీ సగం తెలీక, చేతిలో కాయితం చూపిస్తా ఉండాడు.

అప్పుడు ఆయమ్మ నన్ను చూసింది. చూసి ఊపిరి పీల్చుకునింది. "రారా దామోదరా, వచ్చినావా! ఇంగ నాకు భయం లేదు. వీళ్ళకు చెప్పు నాయనా, నీకు అరవం వచ్చు గదా" అనింది.

నా చేతిలో గడ్డపార ఉండాది. అది ఆయమ్మ చూడనే లేదు.

గడ్డపార కింద పారేసినాను. దొర ముందరికి పోయి అరవంలో చెప్పినాను. స్వామీ, ఆ పొద్దు ఈయమ్మ అనింది తెలుగు మాట. ఇల్లే అంటే తెలుగులో ఉండే ఇల్లే, మీ అరవం ఇల్లే కాదు. ఆక్షేపణ ఏమంటే ఇల్లే అని చెప్పింది. దొర నా మొహంలోకే చూసినాడు. కాయితం చూసినాడు. ఆయన మొహం పాలిపోయింది. "అన్నిక్కి ఏన్ సొల్లలే?" అన్నాడు. ఆ పొద్దు యాల చెప్పలేదు అని.

నేను కింద పడిన గడ్డపార పక్క చూసినాను.

మా వదిన లేచి నిలబడింది. "ఏం చెప్పినావురా? దొర అట్ల అయిపోయినాడేమి? నాకు తెలుగులో చెప్పు."

చెప్పినాను. "నువ్వు ఇల్లే అన్నావు వదినా. ఆయనకు లేదని వినబడింది."

"నీకెట్ల తెలుసు?"

"పక్కనే ఉండాను గదా."

"వినబడలేదంటివే." ఆయమ్మ గొంతు తగ్గింది. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"అప్పుడే."

"వేలిముద్ర వేసేటప్పుడా?"

"అంతకు ముందరే."

దొర పెన్సిలు తీసి కాయితంలో గీత కొట్టినాడు, కొత్తగా ఏదో రాసినాడు. ఆయమ్మకు రెండు చేతులెత్తి దండం పెట్టి, "అమ్మా, నా తప్పు" అన్నాడు తెలుగులో. దేవరాజులు నా కాళ్ళ కాడ ఉమ్మేసి మనుషుల్ని తీసుకోని పోయినాడు. దొర కూడా గొడుగు మూసుకోని పోయినాడు. జనం పలచబడినారు. నేను అట్లనే ఎండలో నిలబడి ఉండాను. తిడతాదని చూస్తా ఉండాను. బరికె తీసుకుంటాదని చూస్తా ఉండాను. అప్పుడు ఆయమ్మ గొంతు వినబడింది.

"ఎండలో నిలబడినారు. అరుగు మీద కూర్చోండి, మజ్జిగ తెస్తాను."

దొర ఇంకా పోలేదేమోనని నేను వెనక్కి తిరిగి చూసినాను. వెనకాల ఎవురూ లేరు.

ఆ రైలు రాలేదు. కాయితాలు పైకి పోయినాయి, దేశానికి స్వతంత్రం వచ్చింది, ఆ దొర బదిలీ అయి పోయినాడు, ఇంగ ఎవురూ ఆ మాట ఎత్తలేదు. గూటాలు పీక్కోని జనం పొయ్యిలో పెట్టుకున్నారు. గురవమ్మ ఇల్లు అడ్డం పడి రైలు పోయిందని కొందరంటారు. అబద్ధం. ఒక ఒంటి ఆడమనిషి ఇంటికి ఆగే రైలు యాడైనా ఉంటాదా? బస్సులు ఎక్కువైనాయి, అంతే. నన్నడిగితే ఆ రైలు మంచిదేనని ఇప్పటికీ అంటాను. రోడ్డు మీద కన్న ఆ తల్లిని ఎత్తిన చేతులివి.

మా వదిన ఇంకా తొమ్మిదేండ్లు బతికింది. మూటలు పెడతానే ఉండారు, ఆయమ్మ కాస్తానే ఉండె. నేను గ్యాంగు మనిషిగానే ఉండిపోయినాను. వారానికి రెండుసార్లు పోయేవాణ్ణి. ఒక్కనాడు కూడా పో అనలేదు. "రండి దామోదరం గారూ, కూర్చోండి. కుప్పమ్మ బాగుండాదా?" అనేది. కుప్పమ్మను మాత్రం ఎప్పటి మాదిరే ఏమే అని పిలిచేది, తిట్టేది, తల దువ్వేది. ఒకసారి కుప్పమ్మ ఆమె కాళ్ళు పట్టుకోని, "అక్కా, తప్పు చేసినాడు, కొట్టు, ఆ మీరు అనేది మాత్రం వద్దు" అని అడిగింది. "నాకేం కోపమే పిచ్చిదానా? ఆయన పెద్దాయన, మర్యాద ఇయ్యాల గదా" అనిందంట.

కడకు ఆయమ్మ మంచం పట్టినప్పుడు మూడు దినాలు నేను పక్కనే కూర్చున్నాను. "వదినా, ఒక్కసారి తిట్టు. రేయ్ అను. చాలు నాకు" అని అడిగినాను. కండ్లు తెరిచి నన్ను చూసింది. పెదాలు కదిలినాయి. నేను చెవి దగ్గరికి పెట్టినాను.

"పొద్దున్నించి మీరేమీ తినలేదు. పోయి తినండి" అనింది.